వెనక స్పీకర్లు మార్చేముందు ఒకసారి కుర్చీ మారి చూడండి

హోమ్ థియేటర్ కొన్న ఇళ్ళలో ఏడాది తిరిగేసరికి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "వెనకాల స్పీకర్లు సరిగ్గా పలకట్లేదు, మంచివి కొని మార్చేద్దాం." మన క్లబ్బులో కూడా నలుగురైదుగురు నన్ను ఇదే అడిగారు. ఏ కంపెనీవి కొనాలి, ఎన్ని వాట్లు ఉండాలి, ఎంతలో వస్తాయి అని. ఈ వ్యాసంలో వాటికి సమాధానాలు ఉన్నాయి. కానీ అవి చివర్లో వస్తాయి. ఎందుకంటే స్పీకర్ మార్చడం ఈ పనిలో ఆఖరి మెట్టు. దానికి ముందు ఉన్న మెట్లకి ఖర్చు దాదాపు ఉండదు, ఫలితం మాత్రం ఎక్కువ ఉంటుంది.

నేను ఈసీఈ మూడో సంవత్సరం. మాది చోడవరం. 2022 ఏప్రిల్‌లో మా ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఎవరైనా అడిగితే నోటికి ఇంకా విశాఖపట్నం జిల్లా అనే వస్తుంది. ఈ వేసవి సెలవుల్లో మా మావయ్య వాళ్ళింట్లో మేడ మీద గదిలో ఉన్న 5.1 సెట్టు మీద నేను చేసిన పనే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటాను. మావయ్య చెరుకు డబ్బుల్లోంచి 40 వేలు తీసి, వెనక స్పీకర్ల కోసమని పక్కన పెట్టాడు. ఆ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్నదే ప్రశ్న.

అసలు వెనక స్పీకర్ల పని ఏమిటి?

సినిమా శబ్దాన్ని ప్రేక్షకుడి చుట్టూ తిప్పాలన్న ఆలోచన పాతదే. 1940లో వాల్ట్ డిస్నీ 'ఫాంటాసియా' సినిమాకి 'ఫాంటాసౌండ్' అనే పద్ధతి వాడారు. మన తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా, కృష్ణ తీసిన 'సింహాసనం' 1986లో ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో వచ్చింది. 1992లో 'బ్యాట్‌మాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ హాళ్ళలోకి వచ్చాక 5.1 అనే అంకె అందరికీ తెలిసింది. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, లోతైన శబ్దాలకి ఒక సబ్ వూఫర్. ఆ చివరి సబ్ వూఫరే పాయింట్ ఒకటి.

ఈ ఆరింటిలో పని సమానంగా పంచి ఉండదు. డైలాగ్ దాదాపు అంతా మధ్యలో ఉన్న సెంటర్ స్పీకర్‌లోంచే వస్తుంది. సంగీతంలో ఎక్కువ భాగం ముందు కుడి ఎడమల్లో ఉంటుంది. వెనక స్పీకర్లకి మిగిలేది వాన, గాలి, జనం గోల, వెనకనుంచి దూసుకొచ్చే బండి, పాటలో కోరస్ తాలూకు ప్రతిధ్వని. పాయసంలో ఏలకుల్లాంటి పని అన్నమాట. ఏలకులు లేకపోతే లోటు తెలుస్తుంది. ప్రత్యేకంగా నోటికి తగిలితే పాయసం చెడిపోతుంది. అందుకని "వెనక స్పీకర్లు వినపడట్లేదు" అన్న ఫిర్యాదు చాలాసార్లు ఫిర్యాదే కాదు. బాగా కుదిరిన గదిలో అవి ఉన్నట్టే తెలియకూడదు. తీసేసినప్పుడు మాత్రం గది ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించాలి.

ముందు చూడాల్సింది వైరు కాదు, సిగ్నల్

మావయ్య మొదటి మాట: "ఏట్రా, అంత డబ్బు పోసి కొన్నాం, వెనకాల్వి పలకవేటి?"

నేను ముందు రిసీవర్ డిస్‌ప్లే చూశాను. అక్కడ 'స్టీరియో' అని ఉంది. అంటే టీవీ నుంచి రిసీవర్‌కి రెండు ఛానెళ్ళే వస్తున్నాయి. ఇక వెనక స్పీకర్లు ఏం పలుకుతాయి? టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ 'పీసీఎం' మీద ఉంది. దాన్ని 'బిట్‌స్ట్రీమ్'కి మార్చి, ఓటీటీలో 5.1 గుర్తు ఉన్న సినిమా పెట్టగానే డిస్‌ప్లేలో డాల్బీ పేరు వచ్చింది, వెనక స్పీకర్లు కూడా లేచాయి.

ఇంకో సంగతి. పాత సినిమాల్లో ఎక్కువ భాగం మోనో. 1957 నాటి 'మాయాబజార్'ని 2010లో రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు శబ్దాన్ని కూడా డీటీఎస్ 5.1కి మార్చారు గానీ, అన్నిటికీ ఆ భాగ్యం దక్కలేదు. యూట్యూబ్‌లో మనం వినే పాటలు చాలావరకు స్టీరియో లేదా మోనో. వాటికి వెనకనుంచి శబ్దం రావట్లేదంటే అది స్పీకర్ తప్పు కాదు. రిసీవర్ ఊహించి అటు కొంత పంపగలదు, అంతే. ఇంట్లో రోజూ చూసేవి ఏవో ఒక వారం గమనించి, వాటిలో నిజంగా 5.1 ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. కొనాలా వద్దా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

కుర్చీ లెక్క

గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. కాంక్రీటు స్లాబు, నున్నటి ప్లాస్టరు గోడలు, టైల్స్ నేల. టీవీ పొట్టి గోడకి ఉంది. దానికి ఎదురుగా వెనక గోడకి ఆనించి ఒక దివాను. దివాను పక్కన ఎడమ గోడ వారగా తాతయ్య పడక కుర్చీ. వెనక స్పీకర్లు రెండూ పక్క గోడల దగ్గర, స్టాండ్ల మీద, సరిగ్గా కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో.

ఇప్పుడు తాతయ్య చెవి నుంచి కొలుద్దాం. ఎడమ స్పీకర్ 2 అడుగుల్లో ఉంది, కుడిది 10 అడుగుల్లో. దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుందని మనం చదువుకున్నాం. ఇక్కడ దూరం అయిదు రెట్లు. 20 లాగ్ 5 అంటే 14 డెసిబెల్స్ తేడా. (గోడల ప్రతిఫలనాల వల్ల నిజంలో తేడా కొంత తగ్గుతుంది, కానీ దిశ ఇదే.) అంటే తాతయ్యకి కుడి స్పీకర్ ఉన్నా లేనట్టే. ఎడమది చెవిలో దూరి పలుకుతోంది. సినిమాలో వాన పడితే ఆయనకి ఎడమ చెవిలోనే పడుతోంది.

ఆయన అంటూనే ఉన్నాడు: "బొమ్మ బాగుంది గానీ, ఆడేటంతన్నాడో తెల్డం లేదురా."

ఇక్కడ 40 వేల స్పీకర్లు పెడితే ఏమవుతుంది? అదే తేడా, ఇంకొంచెం గట్టిగా. వాన ఇంకా బాగా పడుతుంది, మాట ఇంకా మునిగిపోతుంది.

కొత్తవి కొనకుండా చేసినవి రెండు. మొదటిది, వెనక స్పీకర్లని చెవి కంటే 4 అడుగుల ఎత్తుకి గోడ మీదకి ఎక్కించాం. ఇప్పుడు పైథాగరస్ మన పక్షాన ఉంటాడు. దగ్గరి స్పీకర్ దూరం 2 నుంచి 4.5 అడుగులకి పెరిగింది, దూరపుది 10 నుంచి 10.8కి మాత్రమే. తేడా 14 నుంచి 7.6 డెసిబెల్స్‌కి దిగింది. రెండోది, తాతయ్య కుర్చీని గోడ నుంచి ఇంకో రెండు అడుగులు లోపలికి జరిపాం. తేడా 4 డెసిబెల్స్ అయింది. స్పీకర్ల ముఖాలు మనుషుల మీదకి కాకుండా గదికి అడ్డంగా, ఎదుటి గోడ పైభాగం వైపు తిప్పాం. దగ్గరున్నవాళ్ళకి సూటిగా తగలకుండా ఉండడానికి.

దీనికో మూల్యం ఉంది. కుర్చీ లోపలికి రావడంతో దివాను కుడి గోడ వైపు జరిగింది. ఆ కుడి చివర కూర్చున్నవాళ్ళకి ఇప్పుడు అటు స్పీకర్ ఎక్కువ వినపడుతుంది. ఆ చోటు నేను తీసుకున్నాను. ఒక గదిలో అన్ని కుర్చీలకీ ఒకేలా కుదరదు. ఎవరి కుర్చీకి కుదరాలో ముందు ఇంట్లో తేల్చుకోవాలి.

కోణం సంగతి కూడా చెప్పాలి. ముక్కుకి సూటిగా టీవీ వైపు సున్నా డిగ్రీలు అనుకుంటే, ముందు కుడి ఎడమ స్పీకర్లు 30 డిగ్రీల దగ్గర, వెనకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. అంటే 5.1లో "వెనక స్పీకర్లు" అసలు వెనక ఉండకూడదు. పక్కకి, కొంచెం వెనగ్గా ఉండాలి. దివాను గోడకి ఆనించి ఉంటే ఈ కోణం రాదు. రెండు అడుగులు ముందుకి లాగితే వస్తుంది. పైగా వెనక గోడ నుంచి చెవికి వెంటనే తగిలే ప్రతిఫలనం కూడా తగ్గుతుంది.

గోడల లెక్క

గోడలకి చెవులుంటాయంటారు. మా మావయ్య గదిలో గోడలకి నోళ్ళు కూడా ఉన్నాయి. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొడితే 'టంగ్' అని తోక సాగేది.

ఈ తోకని లెక్కకట్టినవాడు వాలస్ సాబిన్. 1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావట్లేదని, దాన్ని బాగుచేసే పని ఈ యువ అధ్యాపకుడికి అప్పగించారు. అక్కడ ఒక శబ్దం ఆరిపోవడానికి అయిదు సెకన్లకి పైగా పట్టేది. ఆయన పక్కనున్న థియేటర్ నుంచి సీటు దిండ్లు రాత్రిపూట మోయించి తెచ్చి, ఒక్కో వరస పరుస్తూ కొలిచాడు. చివరికి తేలిన సూత్రం చాలా చిన్నది. ప్రతిధ్వని కాలం = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ. ఇక్కడ ఘనపరిమాణం ఘనపు మీటర్లలో, శోషణ చదరపు మీటర్లలో. ఒక చదరపు మీటరు శోషణ అంటే ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ. దానిలోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా.

మావయ్య గది ఘనపరిమాణం సుమారు 47.6 ఘనపు మీటర్లు. లోపలి ఉపరితలం అంతా కలిపి 80 చదరపు మీటర్లు. నున్నటి ప్లాస్టరు, టైల్స్ శబ్దంలో నూటికి అయిదు వంతులు కూడా పీల్చవు. అయిదే అనుకున్నా మొత్తం శోషణ 4. సూత్రంలో వేస్తే 1.9 సెకన్లు. మాట వినే చిన్న గదికి అర సెకను లోపు ఉంటే బాగుంటుంది.

ఇందులో మన సాహిత్యం వాళ్ళకి సంబంధించిన సంగతి ఒకటుంది. తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చులకి బలం ఎక్కువ, హల్లులకి తక్కువ. హల్లు పక్కనున్న అచ్చు కంటే పది ఇరవై డెసిబెల్స్ బలహీనంగా ఉండొచ్చు. కానీ మాటకి అర్థం ఇచ్చేది ఎక్కువగా హల్లే. ప్రతిధ్వని కాలం అంటే శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే కాలం. మనం సెకనుకి అయిదారు అక్షరాలు పలుకుతాం అనుకుంటే, ఒక్కో అక్షరానికి 0.2 సెకను. 1.9 సెకన్ల గదిలో ఆ 0.2 సెకనులో ముందు అచ్చు పడిపోయేది 6 డెసిబెల్స్ మాత్రమే. అంటే ముందు మాట చివర ఉన్న 'ఆ'నో 'ఊ'నో ఇంకా గదిలో తిరుగుతూనే ఉంటుంది. తర్వాతి మాట మొదట్లో ఉన్న పాపం 'త' దాని కింద నలిగిపోతుంది. అర సెకను గదిలో అయితే అదే వ్యవధిలో అచ్చు 24 డెసిబెల్స్ పడిపోతుంది. హల్లు తలెత్తుకుని వినపడుతుంది.

అందుకే నా మొదటి ఖర్చు బొంతలు. పాత చీరలతో కుట్టినవి రెండు ఇంట్లోనే ఉన్నాయి, దూది నింపినవి రెండు కుట్టించాం. వాటిని పక్క గోడల మీద గోడకి రెండు మూడు అంగుళాల ఎడం ఉండేలా కర్రకి వేలాడదీశాం. ఎడం ఎందుకంటే గోడని ఆనుకుని ఉన్నచోట గాలి కదలదు. గాలి కదిలేచోట బట్ట ఉంటేనే శబ్దాన్ని పీలుస్తుంది. నేల మీద జంపఖానా, కిటికీలకి దళసరి తెరలు, దివాను మీద మందపాటి పరుపు. కూర్చున్న మనుషులు కూడా మనిషికి అర చదరపు మీటరు దాకా పీలుస్తారు. లెక్కలో అడిగిన 15 పూర్తిగా రాలేదు గానీ, చప్పట తోక మాత్రం తెగిపోయింది.

రెండు జాగ్రత్తలు. కోడిగుడ్ల అట్టలు అతికిస్తే పని జరుగుతుందని వీడియోల్లో చెప్తుంటారు. పల్చటి అట్ట పీల్చేది చాలా తక్కువ, ఆ గుంటలు చూడ్డానికే. అలాగే బొంతలు లోతైన బేస్ శబ్దాన్ని ఆపలేవు. 14 అడుగుల గదిలో రెండు గోడల మధ్య నిలబడిపోయే మొదటి తరంగం సుమారు 40 హెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యం గదికి రెట్టింపు, 28 అడుగులు. దానికి బొంత ఒక లెక్క కాదు. సబ్ వూఫర్‌ని ఒక మూల నుంచి తీసి ఇంకోచోట పెట్టి చూసుకోవడమే మార్గం.

చెవి లెక్క

ఇంతవరకు బాగానే ఉంది. కానీ తాతయ్యకి మాట అర్థం కాకపోవడానికి గది ఎంత కారణం, చెవి ఎంత కారణం? వయసుతో పాటు మొదట తగ్గేది ఎక్కువ ఫ్రీక్వెన్సీల వినికిడి. స, శ, త, ప లాంటి హల్లుల ఆనవాళ్ళు ఉండేది ఎక్కువగా అక్కడే. ఈ రెండు కారణాలనీ విడదీయకుండా డబ్బు ఖర్చు పెట్టకూడదనుకున్నాను.

టెలిఫోన్ల కాలంలో బెల్ ల్యాబ్స్‌లో హార్వీ ఫ్లెచర్ బృందం ఒక పద్ధతి వాడింది. అర్థం ఊహించడానికి వీల్లేని అక్షరాలు చదివి, అవతలివాళ్ళు విన్నది రాయమనేవారు. ఎన్ని సరిగ్గా వచ్చాయన్నదే ఆ లైను నాణ్యత. దాన్నే తెలుగులో చేశాను. నాకు కావలసింది మొదటి హల్లు మాత్రమే మారి, మిగతాదంతా ఒకేలా ఉండే మాటలు. మన ఛందస్సు క్లాసు గుర్తొచ్చింది. ప్రాస అంటే రెండో అక్షరం కలవడమే కదా! ప్రాస కోసం వెతుక్కునే మాటలే ఇక్కడ పనికొచ్చాయి: కరువు, బరువు, పరువు, తరువు. కాలు, పాలు, చాలు. పని, శని, గని. ఇలాంటివి ఇరవై ఫోన్‌లో రికార్డు చేసి, సెంటర్ స్పీకర్‌లో వినిపించాను. వినేవాళ్ళు తమకి వినపడింది కాగితం మీద రాయాలి. విన్నచోట మాటల వరస ప్రతిసారీ మార్చాను, గుర్తుపెట్టుకుని రాసేయకుండా.

పరీక్ష నాలుగు రకాలు. తాతయ్య తన కుర్చీలో, తాతయ్య దివాను మధ్యలో, నేను తాతయ్య కుర్చీలో, నేను దివాను మధ్యలో. ఒకే చెవి రెండు కుర్చీల్లో తేడాగా వింటే తప్పు గదిది. ఒకే కుర్చీలో రెండు చెవులు తేడాగా వింటే తప్పు చెవిది.

బొంతలు కట్టకముందు, తాతయ్య కుర్చీలో నాకూ కొన్ని తప్పాయి. ఆయనకి దాదాపు సగం తప్పాయి. అంటే గది దోషం ఉంది, చెవి దోషం కూడా ఉంది. సెంటర్ స్పీకర్ టీవీ బల్ల లోపలి అరలో, బొమ్మల వెనక ఉంది. దాన్ని అర అంచుకి లాగి, చెవి వైపు చూసేలా ముందు భాగం కొంచెం ఎత్తాం. బొంతలు కట్టి, కుర్చీ జరిపి మళ్ళీ పరీక్ష పెడితే నాకు తప్పులు పోయాయి. ఆయనకి తగ్గాయి, పోలేదు. ఆయన కాగితం చూస్తే 'పరువు' ఉన్నచోట 'కరువు', 'శని' ఉన్నచోట 'పని'. ఊత్వాలు, ఇత్వాలు ఒక్కటీ తప్పలేదు. అచ్చులు వింటున్నాడు, హల్లులు ఊహిస్తున్నాడు. ఏళ్ళ తరబడి ఇంట్లో అందరం "తాతయ్యకి చెప్పింది ఒకటైతే ఆయన వినేది ఒకటి" అని నవ్వుకుంటున్నాం. అది పరధ్యానం కాదని ఆ కాగితం చెప్పింది.

మావయ్య ఆ కాగితం చాలాసేపు చూశాడు. "ముందు ఈయన చెవి చూపిద్దాం, స్పీకర్లు ఎక్కడికీ పోవు" అన్నాడు.

ఇప్పుడు స్పీకర్లు కొందాం

ఇవన్నీ అయ్యాక కూడా వెనక స్పీకర్లలో ఒక నిజమైన లోపం మిగిలింది. అవి సెట్టుతో పాటు వచ్చిన 3 అంగుళాల చిన్న డబ్బాలు. అలాంటివి 150 నుంచి 200 హెర్ట్జ్ కిందకి సరిగ్గా దిగలేవు. రిసీవర్‌లో క్రాసోవర్ 80 హెర్ట్జ్ మీద ఉంది. అంటే 80 కింద ఉన్నది సబ్ వూఫర్‌కి పోతుంది, పైన ఉన్నది ఆ డబ్బాలకి వస్తుంది. మధ్యలో 80 నుంచి 150 దాకా ఉన్నది ఎవరూ పలకరు. మగవాళ్ళ గొంతు మూల స్వరం, డప్పు గుండె అంతా ఆ ఖాళీలోనే ఉంటాయి. వెనకనుంచి వచ్చే జనం గోల రేకు డబ్బాలో గోలలా ఉండడానికి కారణం ఇది. క్రాసోవర్ 150కి పెంచితే ఖాళీ పూడుతుంది గానీ, అప్పుడు సబ్ వూఫర్ ఎక్కడుందో చెవికి తెలిసిపోతుంది.

కాబట్టి ఇక్కడ మార్చడం న్యాయమే. కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి.

ఒకటి, సైజు. 80 హెర్ట్జ్ దగ్గర కలవాలంటే 5 అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ సాధారణంగా చాలు. గది ఇంత చిన్నదైతే అంతకంటే పెద్దది అక్కర్లేదు.

రెండు, సెన్సిటివిటీ. వాట్ల అంకె చూసి మోసపోకండి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. 84 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 90 ఉన్నదానికి 25 వాట్లతో వస్తుంది.

మూడు, ఇంపిడెన్స్. రిసీవర్ వెనక '6 నుంచి 16 ఓమ్స్' అని ఉంటే 4 ఓమ్స్ స్పీకర్ తగిలించకండి, రిసీవర్ వేడెక్కిపోతుంది. డబ్బా సెట్లలో వచ్చే స్పీకర్లు 3, 4 ఓమ్స్ ఉండడం మామూలే. ఆ పాతవాటిని కొత్త రిసీవర్‌కి కలిపేముందు, కొత్తవాటిని పాత సెట్టుకి కలిపేముందు ఇది తప్పకుండా చూసుకోవాలి.

నాలుగు, గొంతు కలవడం. ముందు స్పీకర్లది ఏ కంపెనీ, ఏ వరసో వెనకవి కూడా అదే అయితే మేలు. లేదంటే వెనకనుంచి ముందుకి వచ్చే బండి దారిలో ఇంజను మార్చుకున్నట్టు వినపడుతుంది.

అయిదు, వైరు. దీనికి వేలు పోయకండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు కిలోమీటరుకి 13 ఓమ్స్ చిల్లర. పది మీటర్ల దూరానికి రానూ పోనూ 20 మీటర్లు, అంటే 0.27 ఓమ్. 8 ఓమ్స్ స్పీకర్ ముందు దీని నష్టం 0.3 డెసిబెల్ లోపే. చెవికి తెలియదు. కరెంటు సామాన్ల షాపులో దొరికే మంచి రాగి వైరు చాలు. ప్లస్, మైనస్ రెండు స్పీకర్లకీ ఒకేలా కలిపారో లేదో మాత్రం రెండుసార్లు చూడండి. ఒకటి తిరగబడితే రెండిటి బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటుంది.

బిగించాక రిసీవర్‌లో రెండు అంకెలు సరిచేయాలి. మొదటిది దూరం. శబ్దం అడుగుకి 0.9 మిల్లీసెకను తీసుకుంటుంది. దగ్గరున్న స్పీకర్‌ని రిసీవర్ ఆ మేరకి ఆలస్యంగా పలికిస్తుంది. ఒకే శబ్దం రెండు వైపులనుంచి వస్తే, ముందు చేరినదాని వైపు నుంచే వచ్చిందని మెదడు అనుకుంటుంది. దీన్నే హాస్ ప్రభావం అంటారు. దూరాలు తప్పు ఇస్తే ముందున్న శబ్దం వెనక్కి లాక్కుపోయినట్టుంటుంది. టేపు పెట్టి ముఖ్యమైన కుర్చీ నుంచి కొలవండి. రెండోది స్థాయి. రిసీవర్‌లో ఉన్న టెస్ట్ టోన్ పెట్టి, ఫోన్‌ని ఆ కుర్చీలో చెవి ఎత్తున పట్టుకుని, ప్రతి స్పీకర్‌కీ ఒకే అంకె వచ్చేలా సర్దండి. ఫోన్ యాప్ చెప్పే అంకె నిజమైనది కాకపోవచ్చు, పోల్చుకోవడానికి మాత్రం సరిపోతుంది. వెనకవి ఒకటి రెండు డెసిబెల్స్ పెంచాలనిపిస్తుంది. ఒక సినిమా పూర్తిగా చూశాక నిర్ణయించుకోండి.

లెక్క తేలింది ఇలా

40 వేలల్లో స్పీకర్ల జతకి 15 వేలు అయ్యాయి. బ్రాకెట్లు, వైరు, బొంతలు, తెరలు అన్నీ కలిపి ఇంకో 5 వేలు. మిగతా 20 వేలు తాతయ్య చెవులకి ఉంచారు. విశాఖలో ఈఎన్‌టీ డాక్టరు దగ్గర 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా పరీక్ష చేసి గ్రాఫు ఇచ్చారు. ఎడమ వైపు గీత తిన్నగా నడిచి, 2000 దాటాక మెట్లు దిగినట్టు దిగింది. హల్లులన్నీ ఆ మెట్ల కింద ఉన్నాయి. మిషను పెట్టుకోవడానికి ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఇంటికొస్తే చూద్దాం" అంటున్నాడు. ఈలోగా మావయ్య ఆయనతో ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మాట్లాడడం మొదలుపెట్టాడు. దానికి పైసా ఖర్చు లేదు.

హాస్టల్లో మనకి 5.1 లేకపోవచ్చు. కానీ ఇరవై ప్రాస మాటలు, ఒక ఫోన్, ఒక కాగితం అందరి దగ్గరా ఉన్నాయి. ఈ పండగకి ఇంటికెళ్ళినప్పుడు ఆ మాటలు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు కూర్చునే చోట వినిపించి, విన్నది రాయమనండి. రాయడం రాకపోతే పలకమనండి. ఏ మాటలు తప్పాయో చూస్తే ఖర్చు గది మీద పెట్టాలో, స్పీకర్ల మీద పెట్టాలో, చెవి మీద పెట్టాలో అప్పటికప్పుడే తెలుస్తుంది. మీ మాటల జాబితా క్లబ్బుకి పంపితే, అన్నీ కలిపి వచ్చే సంచికలో వేద్దాం.